1567 స్కాట్లండ్: సంతకాల వెంట వెళ్తే తప్ప అర్థం కాని ఏడాది

లండన్ శివార్లలో క్యూ అనే చోట బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్ ఉంది. అక్కడ దాచిన కాగితాల్లో 1567 ఫిబ్రవరి నాటి ఒక రంగుల బొమ్మ ఉంది, నెట్‌లో కూడా దొరుకుతుంది, ఒకసారి పెద్దది చేసుకుని చూడండి. మధ్యలో ఒక ఇల్లు కూలిపోయి రాళ్ల గుట్టలా పడి ఉంటుంది. కుడివైపు పైన, ఊరి గోడకి అవతల తోటలో చెట్టు కింద ఇద్దరు మగవాళ్ల శవాలు, ఒంటి మీద రాత్రి వేసుకునే చొక్కా తప్ప ఏమీ లేదు, పక్కన ఒక కుర్చీ, ఒక కోటు, ఒక బాకు, తాడు. ఎడమవైపు పైన ఒక పసివాడు తొట్టిలో కూర్చుని చేతులు జోడించి, దేవుడా నాకు న్యాయం చెయ్యి అని మొక్కుతుంటాడు. కింద ఒక మూల జనం శవాన్ని మోసుకెళ్తుంటారు, ఇంకో మూల పూడుస్తుంటారు. ఇది ఇంగ్లండ్ రాణి ఎలిజబెత్ దగ్గర మంత్రిగా ఉన్న విలియమ్ సెసిల్ కోసం ఎడిన్‌బరాలో గీయించి పంపిన బొమ్మ, అంటే ఇప్పటి భాషలో క్రైమ్ సీన్ స్కెచ్.

చనిపోయినవాడు హెన్రీ స్టూవర్ట్, లార్డ్ డార్న్లీ, స్కాట్లండ్ రాణి మేరీ భర్త. తొట్టిలో పిల్లాడు వాళ్ల కొడుకు జేమ్స్, అప్పటికి ఎనిమిది నెలలోడు. ఈ బొమ్మ గీసిన ఆరు నెలల్లోపే ఆ పిల్లాడు రాజయ్యాడు, వాళ్లమ్మ ఒక సరస్సు మధ్యలో కోటలో ఖైదీ అయింది.

ఈ కథ గురించి ఎవరు మాట్లాడినా చివరికి ఒకటే ప్రశ్న దగ్గర ఆగుతారు, మొగుణ్ణి మేరీ చంపించిందా లేదా అని. నేను కూడా చాలాకాలం అదే ప్రశ్న పట్టుకుని తిరిగాను. కానీ ఎంత చదివినా అది తేలదు, ఎందుకంటే ఆ ప్రశ్నకి సాక్ష్యాలు చెప్పినవాళ్లందరికీ అందులో స్వార్థం ఉంది. నాకు ఈ ఏడాది అర్థమైంది ఎప్పుడంటే, ఎవరు ఎవర్ని ప్రేమించారు అనేది పక్కన పెట్టి, ఏ కాగితం మీద ఎవరు ఎప్పుడు సంతకం పెట్టారు అని చూసినప్పుడు. ఆ రోజుల్లో స్కాట్లండ్‌లో రాజకీయం నడిచేదే బాండ్ల మీద. నలుగురు పెద్ద ప్రభువులు ఒకచోట చేరి, ఫలానా పనికి మేమంతా ఒకరికొకరం అండగా ఉంటాం అని రాసుకుని సంతకాలు పెట్టేవాళ్లు, అదే బాండ్. రాణికి సొంతంగా పెద్ద సైన్యం లేదు, ఈ ప్రభువులు మనుషుల్ని తెస్తేనే బలగం, తేకపోతే లేదు.

ముందు చుట్టరికాలు చెప్పాలి, లేకపోతే తికమక అయిపోతుంది. మేరీ 1542 డిసెంబర్ 8న పుట్టింది, ఆరు రోజులకే తండ్రి జేమ్స్ 5 చనిపోతే రాణి అయింది. చిన్నప్పుడే ఫ్రాన్స్ పంపించేశారు, అక్కడి యువరాజుతో పెళ్లయింది, అతను రాజైన ఏడాదిన్నరకే పోయాడు, 1561లో పద్దెనిమిదేళ్ల వితంతువుగా తిరిగొచ్చింది. వచ్చేసరికి దేశం ప్రొటెస్టెంట్ అయిపోయింది, ఆమె మాత్రం కేథలిక్. 1565లో డార్న్లీని చేసుకుంది, అతను ఆమె మేనత్త కొడుకు. మనకైతే మేనరికం అని మామూలుగా అనేసుకుంటాం కానీ, కేథలిక్ చర్చిలో అంత దగ్గర చుట్టాలు పెళ్లి చేసుకోవాలంటే పోప్ ప్రత్యేకంగా అనుమతి ఇవ్వాలి. ఆ పెళ్లి వెనక లెక్క కూడా ఉంది, ఇద్దరూ ఇంగ్లండ్ రాజు హెన్రీ 7 కూతురికి మనవలే, అంటే పిల్లలు లేని ఎలిజబెత్ తర్వాత ఇంగ్లండ్ సింహాసనం మీద ఇద్దరికీ హక్కుంది, కలిస్తే ఆ హక్కు ఇంకా గట్టిపడుతుంది.

పెళ్లి ఏడాది కూడా సరిగ్గా నడవలేదు. నన్ను కూడా పట్టాభిషిక్తుడైన రాజుని చెయ్యాలి అని డార్న్లీ పట్టుబట్టాడు, ఆమె చెయ్యలేదు. 1566 మార్చి 9 రాత్రి హోలీరూడ్ ప్యాలెస్‌లో ఆరు నెలల గర్భిణి అయిన మేరీ భోజనం చేస్తున్న చిన్న గదిలోకి డార్న్లీ, మోర్టన్ ఎర్ల్ (ఎర్ల్ అంటే పెద్ద ప్రభువుల బిరుదు) మనుషులు చొరబడి ఆమె సెక్రటరీ డేవిడ్ రిజ్జియోని ఈడ్చుకెళ్లి పొడిచి చంపారు. దానికీ బాండ్ ఉంది, డార్న్లీ సంతకం ఉంది. తర్వాత డార్న్లీ భార్య వైపు తిరిగిపోయి, నాకేం తెలీదు అనేశాడు, దాంతో మోర్టన్ వాళ్లు ఇంగ్లండ్ పారిపోవాల్సొచ్చింది, కోపంతో అతని సంతకం ఉన్న కాగితాలు మేరీకి చేరేలా చూశారు. అంటే ఏడాది తిరిగేసరికి డార్న్లీని నమ్మేవాడు దేశంలో ఒక్కడూ లేడు, భార్య కూడా.

ఇక్కడ చాలామంది పట్టించుకోని ఒక పాయింట్ ఉంది, నా దృష్టిలో చాలా ముఖ్యమైనది. స్కాట్లండ్‌లో మేరీకి ముందు వరసగా ఐదుగురు జేమ్స్‌లు మైనర్లుగానే రాజులయ్యారు. రాజు చిన్నపిల్లాడైతే పాలించేది రీజెంట్, చుట్టూ ఉన్న ప్రభువులు ఆ టైంలో రాజు భూములు తమ పేర రాయించేసుకునేవాళ్లు. దీనికి విరుగుడుగా ఒక ఆచారం ఉండేది, రాజు 25 ఏళ్లు నిండేలోగా, నా చిన్నతనంలో ఇచ్చినవన్నీ వెనక్కి తీసుకుంటున్నా అని ప్రకటించొచ్చు. మేరీకి 25 నిండేది ఎప్పుడు? 1567 డిసెంబర్ 8న. ఆ ఏడాదిలో ప్రతి ప్రభువు మనసులో ఈ తేదీ ఉండే ఉంటుంది, ఎందుకంటే పుట్టిన వారం నుంచి రాణి కాబట్టి ఆమె మైనర్‌గా ఉన్న రోజుల్లో ప్రభువులు పంచుకున్నవి చాలా ఉన్నాయి. రాణి పోయి పసివాడు రాజైతే? ఇంకో ఇరవై ఏళ్లకు పైగా భయం లేదు.

1566 నవంబర్ చివర్లో ఎడిన్‌బరా పక్కనే క్రెయిగ్‌మిల్లర్ కోటలో ప్రభువులు మేరీతో డార్న్లీ సంగతి మాట్లాడారు. విడాకులా, ఇంకేదన్నానా అని. రాణి మంత్రి మెయిట్‌లండ్, బోత్వెల్, హంట్లీ, ఆర్గైల్ ఎర్ల్‌లు, ఆమె అన్న మోరే ఎర్ల్ అక్కడ ఉన్నారు. మోరే అంటే జేమ్స్ 5కి పెళ్లి బయట పుట్టిన కొడుకు, తండ్రి ఒకడే కాబట్టి మేరీకి అన్న, కానీ గద్దె హక్కు లేదు. నా పరువుకి, మనస్సాక్షికి మచ్చ వచ్చేది ఏదీ చెయ్యొద్దు అని ఆమె చెప్పినట్టు తర్వాత వాళ్లే చెప్పారు. క్రిస్మస్ ముందు రోజు మోర్టన్ వాళ్లకి క్షమాభిక్ష ఇచ్చింది, అంటే డార్న్లీ మోసం చేసినవాళ్లందరూ దేశంలోకి తిరిగొచ్చేశారు. జనవరిలో బోత్వెల్ వెళ్లి విటింగమ్ అనే చోట మోర్టన్‌ని కలిశాడు. ఈ కలయిక గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరికి రావాలి.

డార్న్లీ అప్పటికి గ్లాస్గోలో తండ్రి లెనాక్స్ ఎర్ల్ దగ్గర జబ్బుతో మంచంలో ఉన్నాడు, ఒళ్లంతా పొక్కులు. మేరీ స్వయంగా వెళ్లి అతన్ని ఎడిన్‌బరా తెచ్చింది, ఊరి గోడని ఆనుకుని ఉన్న కర్క్ ఓ ఫీల్డ్ అనే చర్చి ఆవరణలో ఒక ఇంట్లో ఉంచారు. ఫిబ్రవరి 9 ఆదివారం సాయంత్రం ఆమె అతని దగ్గరే కూర్చుంది, తర్వాత తన పరిచారకుడి పెళ్లి వేడుక ఉందని హోలీరూడ్ వెళ్లిపోయింది. రాత్రి రెండు గంటల ప్రాంతంలో మందుగుండు పేలి ఇల్లు పునాదులతో సహా లేచిపోయింది. కానీ డార్న్లీ, అతని సేవకుడు టేలర్ శవాలు దొరికింది గోడ అవతల తోటలో, ఒంటి మీద కాలిన గుర్తు లేదు, పేలుడు దెబ్బ లేదు. పేలుడుకి ముందే అలికిడి విని కిటికీలోంచి కుర్చీ, తాడు సాయంతో దిగి పారిపోతుంటే ఎవరో పట్టుకుని ఊపిరాడకుండా చేసి చంపారు అనేది ఎక్కువమంది ఒప్పుకునే మాట. బొమ్మలో ఆ కుర్చీ, తాడు ఎందుకున్నాయో ఇప్పుడు తెలుస్తుంది.

అన్నట్టు పాత రికార్డుల్లో ఈ హత్య 1566 ఫిబ్రవరి అని ఉంటుంది, చూసి తప్పు అనుకోకండి. అప్పట్లో స్కాట్లండ్‌లో సంవత్సరాది మార్చి 25, జనవరి 1కి మారింది 1600లో.

కొద్ది రోజుల్లోనే ఎడిన్‌బరా గోడల మీద రాత్రికి రాత్రి పోస్టర్లు పడ్డాయి, బోత్వెల్ హంతకుడు అని పేరు పెట్టి మరీ. ఒకదాంట్లో కిరీటం పెట్టుకున్న మత్స్యకన్య, కింద కుందేలు. కుందేలు బోత్వెల్ వంశచిహ్నం, మత్స్యకన్య అంటే ఆ కాలంలో వేశ్య అని అర్థం, ఎవరి గురించో చూసిన ప్రతివాడికీ తెలిసిపోయింది. ఎలిజబెత్ కూడా ఉత్తరం రాసింది, నీకు ఎంత దగ్గరివాడైనా సరే వదిలిపెట్టకు, చూసీ చూడనట్టు ఊరుకున్నావని జనం అంటున్నారు అని. మేరీ చెయ్యాల్సింది అదే, చెయ్యలేదు. ఆమె మీద నాకు ఎంత జాలి ఉన్నా ఈ రెండు నెలల మౌనాన్ని మాత్రం సమర్థించలేను.

లెనాక్స్ ఒత్తిడితో ఏప్రిల్ 12న ఎడిన్‌బరా కోర్టు భవనం టోల్‌బూత్‌లో బోత్వెల్ మీద విచారణ పెట్టారు. ఊరి నిండా బోత్వెల్ మనుషులు వేలల్లో, ఫిర్యాదు చేసిన తండ్రికి మాత్రం ఆరుగురిని మించి తేవద్దు అని ఆంక్ష. లెనాక్స్ ప్రాణభయంతో దారిలోనే ఆగిపోయాడు, సాక్ష్యం చెప్పేవాడు లేడు, సాయంత్రానికి బోత్వెల్ నిర్దోషి. వెంటనే జరిగిన పార్లమెంట్‌లో మోర్టన్, మోరే, హంట్లీ లాంటివాళ్ల భూముల హక్కులు ఖాయం చేశారు. 25 ఏళ్ల లెక్క చెప్పాను కదా, ఇది దానికి జవాబు, ఆమె వాళ్ల భయం తీర్చడానికే ప్రయత్నించింది.

పార్లమెంట్ ముగిశాక బోత్వెల్ ప్రభువులకి విందు ఇచ్చాడు, అక్కడ ఒక బాండ్ ముందు పెట్టాడు. దాన్నే ఎయిన్స్లీ టావర్న్ బాండ్ అంటారు. అందులో ఏముందంటే, బోత్వెల్ హత్య చెయ్యలేదు అని మేం నమ్ముతున్నాం, రాణి మళ్లీ పెళ్లి చేసుకోవాలనుకుంటే ఇతన్నే చేసుకోమని మేం సలహా ఇస్తాం, ఎవరడ్డొచ్చినా మా ప్రాణాలు, ఆస్తులు పెట్టి కాపాడతాం అని. బిషప్పులు, ఎర్ల్‌లు, లార్డులు కలిపి పాతిక మంది దాకా సంతకాలు పెట్టారు, మోర్టన్ కూడా. మోరే లేడు, అప్పటికే దేశం వదిలి వెళ్లిపోయాడు. హత్య జరిగిన రోజు కూడా భార్యకి బాగోలేదని పొద్దున్నే ఊరు వదిలాడు.

ఏప్రిల్ 21న మేరీ స్టర్లింగ్ కోటకి వెళ్లి పది నెలల కొడుకుని చూసింది. ఆ తర్వాత తల్లీకొడుకులు మళ్లీ ఎప్పుడూ కలవలేదు. తిరిగొస్తుంటే 24న ఎడిన్‌బరా దగ్గర్లో బోత్వెల్ ఎనిమిది వందల మంది గుర్రపు రౌతులతో అడ్డం వచ్చి ఆమె గుర్రం కళ్లెం పట్టుకుని డన్‌బార్ కోటకి తీసుకుపోయాడు. నిజంగా ఎత్తుకుపోయాడా, ఇద్దరూ కలిసి ఆడిన నాటకమా అని అప్పట్నుంచీ వాదనే. ఆమె పక్కన ఉన్న సర్ జేమ్స్ మెల్విల్ తర్వాత రాసింది చదివితే, బలవంతం జరిగిందని, ఇక పెళ్లి తప్ప వేరే దారి ఆమెకి లేకుండా పోయిందని అర్థమవుతుంది. నేను అటువైపే మొగ్గుతాను.

సరిగ్గా అదే ఏప్రిల్ 24 తేదీతో ఎడిన్‌బరాలో ఒక పుస్తకం అచ్చయింది, జాన్ కార్స్‌వెల్ అనే మతాధికారి గేలిక్‌లోకి తెచ్చిన ప్రార్థనల పుస్తకం. గేలిక్‌లో అచ్చయిన మొట్టమొదటి పుస్తకం అదే. రాణిని ఎత్తుకుపోతున్న రోజే కొండల్లో మాట్లాడే భాష మొదటిసారి అచ్చుకెక్కింది అంటే, చరిత్ర పుస్తకాల్లో ఈ రెండోది ఎందుకు ఒక్క లైన్‌లో పోతుందో అని నాకు ప్రతిసారీ బాధగా ఉంటుంది.

బోత్వెల్‌కి అప్పటికే పెళ్లయింది, భార్య జీన్ గోర్డన్. మే 3న ప్రొటెస్టెంట్ కోర్టు అతని అక్రమ సంబంధం కారణంగా విడాకులిచ్చింది, నాలుగు రోజుల తర్వాత కేథలిక్ కోర్టు, వీళ్లిద్దరూ దగ్గర చుట్టాలు కాబట్టి అసలా పెళ్లే చెల్లదు అంది, ఆ చుట్టరికానికి ఏడాది కిందటే అనుమతి ఇచ్చి ఉన్నా సరే. సెయింట్ జైల్స్ చర్చిలో పెళ్లి ప్రకటన చదవమంటే పాస్టర్ జాన్ క్రెయిగ్ ముందు రాతపూర్వకంగా ఆర్డర్ తెమ్మన్నాడు, తెచ్చాక చదివి, భూమ్యాకాశాల సాక్షిగా ఈ పెళ్లిని నేను అసహ్యించుకుంటున్నా అని జనం ముందే చెప్పాడు. ఆ ఏడాది మొత్తంలో నాకు తల ఎత్తుకుని నిలబడినట్టు కనిపించే మనిషి అతనే. మే 15న హోలీరూడ్‌లో ప్రొటెస్టెంట్ పద్ధతిలో ఆర్క్‌నీ బిషప్ ఆడమ్ బోత్వెల్ (పేరు ఒకటే, మనిషి వేరు) పెళ్లి చేయించాడు.

ఇప్పుడు అసలు మలుపు. బాండ్ మీద సంతకాలు పెట్టి నెల తిరక్కుండానే, అదే మోర్టన్, ఇంకొందరు స్టర్లింగ్‌లో మే నెల మొదట్లో ఇంకో బాండ్ రాసుకున్నారు, రాణిని బోత్వెల్ చెరనుంచి విడిపిస్తాం అని. జూన్ 15న, పెళ్లయి సరిగ్గా నెలకి, మసెల్‌బరా దగ్గర కార్బెరీ హిల్ మీద రెండు సైన్యాలు ఎదురెదురుగా నిలబడ్డాయి. ప్రభువుల వైపు తెల్ల జెండా, దాని మీద చెట్టు కింద డార్న్లీ శవం, పక్కన మోకాళ్ల మీద పసివాడు, ప్రభువా నా పక్షాన తీర్పు తీర్చు, పగ తీర్చు అనే మాటలు. మొదట్లో చెప్పిన బొమ్మ ఇక్కడ జెండా అయి ఎగిరింది. ఎండ మండిపోతోంది, ఫ్రెంచ్ రాయబారి అటూ ఇటూ రాయబారాలు నడిపాడు, బోత్వెల్ ద్వంద్వయుద్ధానికి రమ్మన్నాడు, ఈలోగా మేరీ సైనికులు ఒక్కొక్కరూ జారుకున్నారు. సాయంత్రానికి ఒప్పందం, బోత్వెల్ వెళ్లిపోవాలి, రాణి వాళ్లతో రావాలి, గౌరవంగా చూసుకుంటాం. నమ్మి వచ్చింది. ఎడిన్‌బరా వీధుల్లో జనం తగలబెట్టండి దాన్ని అని బూతులు తిట్టారు, రాత్రి ప్రొవోస్ట్, అంటే నగర మేయర్ ఇంట్లో ఉంచారు, పొద్దున కిటికీ దగ్గరికొస్తే ఎదురుగా అదే జెండా. జుట్టు విరబోసుకుని, చిరిగిన బట్టల్లో, కాపాడండి అని వీధిలోకి అరిచింది.

విడిపిస్తాం అన్నవాళ్లు విడిపించారా? బోత్వెల్‌ని పట్టుకోకుండా వెళ్లనిచ్చారు, ఆమెని మాత్రం లాక్‌లెవెన్ సరస్సు మధ్యలో కోటలో పెట్టారు. ఆ కోట సర్ విలియమ్ డగ్లస్‌ది, అతని తల్లి మోరేకి కూడా తల్లి. బాండ్ మాటలకీ, చేసిన పనికీ ఉన్న ఈ తేడానే నాకు ఈ ఏడాది తాళంచెవి అనిపిస్తుంది. బోత్వెల్ వాళ్లకి శత్రువు కాదు, సాకు. అతన్ని పెళ్లాడమని పాతిక మంది సంతకం పెట్టారు, పెళ్లాడినందుకు అందులోనే కొందరు దించేశారు.

జులైలో ఆమెకి కవలలు కడుపులోనే పోయారు, ఒంట్లో రక్తం లేక మంచంలో ఉంది. 24న లార్డ్ లిండ్సే వాళ్లు మూడు కాగితాలతో వచ్చారు, ఒకటి గద్దె దిగడానికి, ఒకటి మోరే రీజెంట్ కావడానికి, ఒకటి అతను వచ్చేదాకా కౌన్సిల్ పాలించడానికి. పెట్టకపోతే ప్రాణం దక్కదు అని బెదిరింపు. ఇంగ్లండ్ రాయబారి త్రాక్‌మోర్టన్ ఒక కత్తి ఒరలో దాచి రహస్యంగా చీటీ పంపాడు, ఖైదులో పెట్టిన సంతకం చట్టప్రకారం చెల్లదు, పెట్టెయ్యి అని. పెట్టింది. ఐదు రోజులకి, జులై 29న స్టర్లింగ్‌లో పదమూడు నెలల జేమ్స్‌కి పట్టాభిషేకం, ఆమె డార్న్లీని పెళ్లాడిన రోజుకి సరిగ్గా రెండేళ్లు. ప్రసంగం ప్రొటెస్టెంట్ మతబోధకుల్లో పెద్దవాడు జాన్ నాక్స్ చేశాడు, నూనెతో అభిషేకించింది మళ్లీ ఆర్క్‌నీ బిషప్ ఆడమ్ బోత్వెల్, రెండున్నర నెలల కింద ఆమె పెళ్లి చేసిన చేతులే. ఆగస్టులో మోరే తిరిగొచ్చి రీజెంట్ అయ్యాడు. బోత్వెల్ ఆర్క్‌నీ, షెట్‌లండ్ మీదుగా నార్వే చేరి డెన్మార్క్ రాజుకి బందీగా చిక్కి, 1578లో ఖైదులోనే చచ్చిపోయాడు.

జూన్‌లోనే ఒక వెండి పెట్టె దొరికింది, బోత్వెల్ నౌకరు దగ్గర పట్టుకున్నాం అన్నారు, తెరిపించింది మోర్టన్. అందులో ఎనిమిది ఉత్తరాలు, కవితలు, పెళ్లి ఒప్పందాలు, మేరీ బోత్వెల్‌కి రాసినవి అన్నారు, హత్యలో ఆమె చెయ్యి ఉందని చెప్పడానికి ఇదే పెద్ద సాక్ష్యం. ఆ ఉత్తరాల మీద తేదీ లేదు, ఎవరికో లేదు, సంతకం లేదు. 1584 తర్వాత అసలు ప్రతులు ఎవరికీ కనబడలేదు. అన్నీ దొంగవి కాకపోవచ్చు, ఆమె వేరే సందర్భంలో రాసిన నిజం ఉత్తరాల్లో మాటలు కలిపి ఉండొచ్చు అని చాలామంది అంటారు, నాకూ అదే సబబుగా ఉంది.

డిసెంబర్ 8న లాక్‌లెవెన్‌లో ఆమెకి 25 నిండాయి. వారం తర్వాత పార్లమెంట్ కూర్చుంది. ఇలా జరగడానికి కారణం ఆమె తప్పే, ఆమె ఉత్తరాలే రుజువు అని చట్టం చేశారు. 1560లో ప్రొటెస్టెంట్ మతం తెచ్చిన చట్టాలకి ఆమె ఏడేళ్లపాటు ఆమోదం ఇవ్వలేదు, అవన్నీ ఇప్పుడు ఖాయమయ్యాయి. స్కాట్లండ్ చట్టప్రకారం ప్రొటెస్టెంట్ దేశం అయింది నిజానికి ఈ శీతాకాలంలోనే. అదే పార్లమెంట్ ఇంకోటి కూడా చేసింది, బైబిల్‌లో నిషేధం లేని చుట్టాలు పెళ్లి చేసుకోవచ్చు అంది, అంటే మేనరికం లాంటి పెళ్లికి ఇక పోప్ అనుమతి అక్కర్లేదు. దాంతోపాటు వచ్చిన వావివరసల చట్టం 1980ల దాకా అక్కడ అమల్లో ఉంది.

ఇప్పుడు విటింగమ్ సంగతి. మోర్టన్ తర్వాత తనే రీజెంట్ అయ్యాడు, 1581లో డార్న్లీ హత్యలో భాగం ఉందని అతనికే మరణశిక్ష పడింది. చనిపోయే ముందు పాస్టర్లకి చెప్పాడు, జనవరిలో బోత్వెల్ వచ్చి హత్యలో కలవమన్నాడు, రాణికి కూడా ఇదే కావాలి అన్నాడు, అయితే రాణి చేతిరాతతో కాగితం తీసుకురా అని నేనడిగాను అని. మరి తెలిసీ ఎందుకు చెప్పలేదు అని అడిగితే, ఎవరికి చెప్పను, రాణికా, చేయించేది ఆవిడే అన్నారు, డార్న్లీకా, అతను వెంటనే ఆవిడకే చెప్పేస్తాడు అన్నాడు.

ఆ కాగితం బోత్వెల్ ఎప్పటికీ తేలేదు.